బెలార్ తాడు తెగిన తర్వాత

పోయిన ఎండాకాలం మా ఇంట్లో ఉన్నారో లేరో తేలని మగవాళ్ళు ఇద్దరు. ఒకడు నా కొడుకు తహీర్. రెండోవాడు బెలార్.

బెలార్‌ది ఈ లోకం కాదు. ‘ఏడో కక్ష్య’ అని తెలుగులోకి డబ్బింగు చేసిన సీరియల్ ఒకటుంది. అందులో నక్షత్రాల మధ్య తిరిగే ఓడకి వాడు మెకానిక్కు. తహీర్‌కీ మా కోడలు షబీనాకీ ఆ సీరియలంటే పిచ్చి. ఇద్దరూ ఫోను ముందు కూర్చుని దాని మంచిచెడ్డలు మాట్లాడి యూట్యూబులో పెట్టేవాళ్ళు. షబీనా డిగ్రీ చదివిన పిల్ల. కథలో ఎక్కడ అతుకు వేశారో ఇట్టే పట్టేస్తుంది. తహీర్‌కి కథ ఎట్లా పోయినా ఫర్వాలేదు, అందులో మనుషులు నచ్చితే చాలు.

మూడో భాగం చివర బెలార్ ఓడ బయట వేలాడుతూ ఏదో రిపేరు చేస్తుంటాడు. నడుముకున్న తాడు తెగిపోతుంది. వాడి నెత్తిమీది దీపం మిణుకుమిణుకుమంటూ దూరమై, దూరమై, చుక్కల్లో కలిసిపోతుంది. అక్కడ ఆపేశారు. నాలుగో భాగమంతా గడిచినా వాడున్నాడని గానీ పోయాడని గానీ ఒక్క మాట చెప్పలేదు.

“వస్తాడు చూడు, అయిదో దాంట్లో దిగుతాడు” అనేవాడు తహీర్.

“రాకపోతే రాలేదని చెప్పాలి గదా. జనాన్ని అట్టా వేలాడదీసి పోవడం కథ చెప్పడమా? చేతగానితనం” అనేది షబీనా.

ఆ పోట్లాటే వాళ్ళ వీడియో. నేను వంటింట్లోంచి వింటూ నవ్వుకునేదాన్ని.

డిసెంబరు వానల్లో తహీర్ ఒక బోటు ఇంజను బాగుచేసి, ఎట్లా నడుస్తుందో చూడడానికి దాంతోపాటు సముద్రంలోకి పోయాడు. బోటు వచ్చింది. వాడు రాలేదు. నాకు తెలిసింది అంతవరకే. ఆ పైన ఎవరు చెప్పబోయినా చెప్పనివ్వలేదు. నేను ఏడో తరగతి వరకు చదువుకున్న మనిషిని, పుట్టు పిరికిదాన్ని. ఫోను మోగితే ఎవరో పోయారనే అనుకుంటాను. కుక్కర్ విజిల్ ఆలస్యమైతే పేలుతుందని వీధిలోకి పరిగెత్తుతాను. అన్నిటికీ చెడే ఊహించే నేను ఆ ఒక్కదాన్ని మాత్రం ఊహించనని మొండికేశాను. పోయినవాళ్ళకి చదివే ఫాతెహా చదివించనివ్వలేదు. నలభయ్యో రోజు చాలీస్వా జరపనివ్వలేదు. గాలికి తలుపు కొట్టుకుంటే “ఎవరూ?” అనడం మానేసి “వచ్చినావా?” అనేదాన్ని.

భర్త పోయిన మనిషి మాలో నాలుగు నెలల పది రోజులు ఇద్దత్ కూర్చోవాలి. గడప దాటకూడదు. అది ముగిస్తేనే ఆమె బతుకు ఆమెది. షబీనా కూర్చోలేదు. కూర్చుంటే నా కొడుకు పోయినట్టే కదా. అందుకని ఆ పిల్ల భార్యా కాదు, ఇంకొకటీ కాదు. ఎర్రచీర కట్టుకోదు, తెల్లచీరా కట్టుకోదు. పాచిరంగు నైటీల్లో గోడవారగా తిరిగేది.

ఏటా ఆపినట్టే ఏప్రిల్లో సముద్రం మీద చేపల వేట ఆపేశారు. బోట్లన్నీ ఒడ్డుకు చేరాయి. బోట్ల మీద పోయేవాళ్ళంతా మా ముత్తుకూరు బజార్లో ఖాళీగా తిరుగుతున్నారు. కూరగాయలకని పోతే ఎవడో ఒకడు నన్ను చూసి తల తిప్పుకునేవాడు. నేను వాడికంటే ముందే తిప్పుకునేదాన్ని. ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం షబీనా గదిలోంచి మాటలు వినిపించాయి. తలుపు తోశాను. ఫోను ముందు కూర్చుని వీడియో చేస్తోంది. పక్కన తహీర్ కూర్చునే కుర్చీ అట్లాగే వేసి ఉంది.

“మళ్ళా మొదలుపెట్టినావా మే?” అన్నాను.

“అయిదో భాగం వస్తా ఉందత్తా, వచ్చే నెల.”

“ఆ పాడు సీరియలే నా బిడ్డకి దిష్టి తెచ్చింది. వాడూ మెకానిక్కే, వీడూ మెకానిక్కే. వద్దు, ఆపెయ్.”

“ఆపితే ఈ గదిలో నాకు మాట్లాడేదానికి ఎవరుండారత్తా?” అంది.

తలుపు దగ్గరికి వేసి వచ్చేశాను.

మా ఇంటి ముందు భాగమే మా కొట్టు. మా ఆయన ఇమామ్ సాహెబ్‌ది పరుపుల పని. పాత పరుపులు విప్పి, దూది ఏకి, ఎండబెట్టి, కొత్త గుడ్డలో కూరి కుట్టిస్తాడు. ఎండాకాలమే ఆ పనికి గిరాకీ. పొద్దున్నుంచీ దూది ఏకే మిషను రొదపెడుతూనే ఉంటుంది. ఆ ఎండల్లో మాత్రం మధ్యాహ్నం పూట ఎందుకో ఆగేది. వయసైంది, కునుకు తీస్తున్నాడు కాబోలు అనుకున్నాను. అది కూడా భయమే. కునుకులో పోయినవాళ్ళ సంగతులన్నీ గుర్తొచ్చేవి.

వారం గడిచిందో లేదో, షబీనా వంటింట్లోకి వచ్చి నిలబడింది. చేతిలో ఫోను వెలుగుతూ ఉంది.

“అత్తా, ఇది చూడు.”

వీడియో కింద జనం రాసిన మాటలు. మధ్యలో ఒక గుండ్రటి ఫోటో. నా కొడుకు. నీలం చొక్కాలో నవ్వుతున్నాడు. పక్కన వాడి పేరు. దాని కింద ఇట్లా ఉంది:

‘బెలార్ రాడు. రాడని వాళ్ళకీ తెలుసు. ఊరికే ఎదురుచూపిస్తా ఉండారు. నువ్వు ఎదురుచూడబాక.’

కూడబలుక్కుని రెండుసార్లు చదివాను. పొయ్యి మీద పులుసు పొంగి మంట ఆరిపోయింది. గ్యాసు వాసన వస్తున్నా ఇద్దరిలో ఎవరమూ కదలలేదు.

“బతికే ఉండాడు” అన్నాను.

“అత్తా, ఎదురుచూడబాకని రాసినాడు.”

“బతికుంటేనే గదే రాసేది!”

“వాడి ఫోను వాడితోనే పోయింది గదా. మరి ఇది యాడి నుంచి వచ్చింది?” షబీనా ఫోను మీద వేలు జరిపి చూపించింది. “నువ్వెవరు అని అడిగినా. తహీర్ అయితే నా పుట్టినరోజు చెప్పు అని అడిగినా. జవాబు లేదు.”

ఆ తర్వాత నాలుగు రోజులకు ఇంకొకటి వచ్చింది. ‘తాడు తెగినోడి గురించి కాదు, ఓడలో మిగిలినోళ్ళ గురించి చెప్పాలి కథ.’ వచ్చిన ప్రతిసారీ నా లోపల ఒక దీపం వెలిగి, అంతలోనే దాని చుట్టూ చీకటి రెట్టింపయ్యేది. శ్రీలంక జైల్లో ఉన్నాడేమో. మద్రాసులో ఏ ఆసుపత్రిలోనో కాళ్ళు లేకుండా పడి ఉన్నాడేమో. కాళ్ళు లేని మొగుడు నీకెందుకని రాస్తున్నాడేమో. లేకపోతే బతికున్నవాళ్ళు రాసేది కాదేమో ఇది. నడిమింట్లో పట్టపగలు ఒంటరిగా కూర్చోలేకపోయేదాన్ని. ఆ ఫోటో ఎటు పోతే అటు చూస్తున్నట్టుండేది. మా ఆయనకి చెప్పలేదు. బీపీ మనిషి. చెబితే ఆ దూది మీదే కూలబడిపోతాడని భయం.

మే నెల నడిమిలో గూడూరు నుంచి షబీనా అమ్మానాన్నలు వచ్చారు. వియ్యంకుడిది నిమ్మకాయల మార్కెట్లో కమీషను కొట్టు. మనిషి నిదానస్తుడు. మా ఆయన ఆ రోజు చిట్టమూరు వైపు పరుపులు వేసుకుని ఆటోలో పోయి ఉన్నాడు. గ్లాసులో షర్బత్ సగం తాగాక వియ్యంకుడు నోరు తెరిచాడు.

“అక్కా, నేను తొందరపెట్టేదానికి రాలా. ఆ బోటు డ్రైవరు టైటస్ ఉండాడు గదా, కళ్ళారా చూసినోడు. వేట లేదు గాబట్టి ఊళ్ళోనే ఉండాడు. ఆ పిల్లోడు వచ్చి చెబితే, మీరు సరే అంటే, ఖాజీ గారు తేల్చేస్తారు. మీ ఇంట్లోనే కూర్చుంటాది ఇద్దత్. నేను తీసకపోతానని అనడం లా.”

“నా కొడుకు బతికుండాడు” అన్నాను.

“అక్కా...”

“రాస్తా ఉండాడు. ఫోన్లో. చూపించు మే.”

షబీనా చూపించలేదు. నేనే లాక్కుని చూపించాను. ఆయన చదివాడు. గ్లాసు కింద పెట్టాడు. నిదానస్తుడి మొఖం నేను చూస్తుండగానే మారిపోయింది.

“అంటే ఏందక్కా? మీవాడు యాడనో సుఖంగా ఉండి, నా బిడ్డని ఎదురుచూడబాకని చెబతా ఉండాడా? వదిలేసి పోయినాడా?”

“అట్టా అనబాక!”

“మరెట్టా అనేది? నువ్వే చెప్పు. బతికుండి రాకపోతే దాన్నేమంటారు?”

షబీనా తల్లి కొంగు నోట్లో కుక్కుకుంది. అప్పుడు షబీనా గోడకి ఆనుకునే, ఎవరి వైపూ చూడకుండా అంది.

“పోయినాడంటే మోసుకుంటా అత్తా. బతికినంతకాలం మోసుకుంటా. వదిలేసినాడంటే మాత్రం నా వల్ల కాదు. నువ్వు బతికించేది నీకోసం. ఆ బతికినోడు నాకు ఎట్టాంటోడైపోతా ఉండాడో చూసినావా?”

వాళ్ళు అన్నం తినకుండా గూడూరు బస్సెక్కారు.

మర్నాడు మధ్యాహ్నం మిషను ఆగింది. ఎంతసేపటికీ మళ్ళీ మొదలు కాలేదు. షబీనా గదిలో వీడియోకి మాట్లాడుతున్నట్టుంది. మజ్జిగ గ్లాసు పట్టుకుని కొట్టులోకి పోయాను. మా ఆయన ఏకిన దూది కుప్ప మీద కూర్చుని ఉన్నాడు. మీసాల మీద, కనుబొమల మీద దూది పొట్టు. కొట్టు ఫోను అద్దంలా మొఖానికి దగ్గరగా పెట్టుకుని ఒక్కొక్క మాటే నొక్కి పలుకుతున్నాడు.

“బెలార్ తల్లిని... ఒక్కసారి కూడా... చూపించలేదు. అది పెద్ద తప్పు.”

నన్ను చూసి ఫోను దూదిలోకి దాచబోయాడు.

“ఏంది చేస్తుండావు?”

“ఏం లేదులే.”

“ఏందో చెప్పు, దాచబాక.”

“అమ్మాయి అడిగింది గదా, మీ అభిప్రాయం కింద రాయండని. రాస్తా ఉండా. మనం మాట చెబితే ఈ ఫోనే రాసుకుంటాది.”

“నిన్నా అడిగింది?”

“అందర్నీ అడిగింది. అందర్లో నేను లేనా?”

మా ఇళ్ళల్లో మామ, కోడలు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోరు. ఆయన వస్తే ఆ పిల్ల కొంగు సర్దుకుని లోపలికి పోతుంది, ఆ పిల్ల వస్తే ఈయన దగ్గుతాడు. “అమ్మాయి తిన్నదా?” అని నన్నడుగుతాడే తప్ప ఆమెనడగడు. పెళ్ళైనప్పటి నుంచీ వాళ్ళిద్దరి మధ్యా నడిచిన మాటలు చేతివేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

“ఈ వేళకి మిషను ఎందుకు ఆపతా ఉండావు?”

“చప్పుడు పడదా అమ్మాయి వీడియోలో?”

నేను దూది మీద కూలబడ్డాను. ఆ కొట్టు ఫోను తహీర్ కొనిచ్చిందే. అన్నీ వాడే, తన పేరు మీదే పెట్టి ఇచ్చాడు.

“నువ్వు రాసేటివి నీ పేరుతో పడటంలా ఆడ” అన్నాను.

“మరెవరి పేరుతో పడతా ఉండాయి?”

గుండ్రటి ఫోటో మీద వేలు పెట్టాను. ఆయన కళ్ళద్దాలు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశాడు.

“ఇది ఆ పిల్ల ఛానలు గాబట్టి వాడి ఫోటో ఏసినారనుకున్నానే... అందరికీ అదే కనపడతాదనుకున్నా. దాని కింద జవాబులొస్తాయని గూడా తెలీదు నాకు.” ఫోను దగ్గరికి తెచ్చుకుని మళ్ళీ చూసి, “అమ్మాయి చూసిందా?” అన్నాడు.

“చూసింది.”

ఆయన ఫోనుని భుజం మీది తువ్వాలుతో తుడిచి, బోర్లా పెట్టాడు. దబ్బనం చేతిలోకి తీసుకున్నాడు గానీ కుట్టడం లేదు.

“రాడు, ఎదురుచూడబాకని రాసింది నువ్వేనా?”

“బెలార్ సంగతి రాసినా.”

“బెలార్ సంగతేనా?”

ఆయన గుడ్డలోకి దబ్బనం దించి, అవతలి వైపు లాగి, దారం బిగించాడు. అప్పటికి అయిదు నెలలు. ఆ మనిషి ఒక్కసారి కూడా నాకు ఎదురు చెప్పలేదు. నేను తలుపు తీసి ‘వచ్చినావా’ అన్నప్పుడల్లా తలొంచుకుని ఆ కుట్టే పనిలోనే ఉన్నాడు. నాకు చెప్పలేక, ఆ పిల్లతో మాట్లాడలేక, నక్షత్రాల్లో తిరిగేవాడి పేరు పెట్టుకుని చెప్పుకున్నాడు.

షబీనాని కొట్టు గుమ్మం దాకా నేనే పిలుచుకొచ్చాను. సంగతి చెప్పాను. ఆమె తలుపు రెక్క పట్టుకుని నిలబడింది. ముందు నవ్వొచ్చింది ఆమెకి. ఆ నవ్వు మధ్యలోనే ఇంకోలా అయిపోయి, అక్కడే గడప మీద కూర్చుండిపోయింది. మా ఆయన గోడవైపు తిరిగి దగ్గాడు.

“తప్పైపోయిందమ్మా” అన్నాడు గోడతో.

“మామా” అంది షబీనా ముక్కు తుడుచుకుంటూ, “ఎన్నో భాగం నుంచి చూసినారు?”

“మొదటి దాన్నుంచీ. చూడకుండా ఎట్టా చెప్పేది అభిప్రాయం?”

“ఎట్టా ఉండాది?”

“మొదటి రెండూ బాగుండాయి. నాలుగోది దండగ.”

“నేనూ అదే గదా చెప్పింది!”

“నువ్వు చెప్పినావనే గదా చూసినా.”

అయిదో భాగం ఒక శుక్రవారం వచ్చింది. జుమ్మా నమాజు నుంచి మా ఆయన తిన్నగా ఇంటికి వచ్చేశాడు. కొట్టు తెరవలేదు. నేనూ షబీనా నడిమింట్లో టీవీ ముందు చాప మీద కూర్చున్నాం. ఆయన స్టూలు తెచ్చి గుమ్మం అవతల వేసుకున్నాడు. లోపలికి రాలేదు, అట్లా అని పోనూలేదు. నేను ఆ సీరియల్ ముందెప్పుడూ పూర్తిగా చూడలేదు. షబీనా పక్క నుంచి చెబుతుంటే మనుషుల్ని గుర్తుపట్టాను.

నిజం చెప్పాలంటే వాడు రావాలని నా ఒళ్ళంతా కోరుకుంది. వస్తే అది ఒక కబురులా ఉంటుందని.

వచ్చాడు. ఓడ తలుపు తెరుచుకుంది. పొగలోంచి బెలార్ నడిచి వచ్చాడు. నేను వాడి మొఖంలోకే చూశాను. ఎక్కడైనా ఒక గీత ఉంటుందేమో, పెదాలు పగిలుంటాయేమో, చేతులు వణుకుతాయేమో అని. నున్నగా గడ్డం గీసుకుని ఉన్నాడు. అందరూ కావలించుకున్నారు. కెప్టెనమ్మ ఏదో జోకేసింది. అందరూ నవ్వారు. ఓడ ముందుకు పోయింది.

“ఇదేం రావడం?” అంది షబీనా. “ఎట్టా బతికినాడో చెప్పొద్దా?”

“అంతకాలం గాలి యాడిది వాడికి?” అన్నాడు మా ఆయన గుమ్మం అవతల నుంచి.

ఫోన్లో చూస్తే జనమంతా పండగ చేసుకుంటున్నారు. బెలార్ వచ్చేశాడని బొమ్మలు, టపాకాయలు.

“మళ్ళా పెట్టు. వాడు తలుపులోంచి వచ్చేది” అన్నాను.

పెట్టింది. ఈసారి నేను వాడిని చూడలేదు. చుట్టూ ఉన్నవాళ్ళని చూశాను. ఒక్కరు కూడా ఏం తిన్నావని అడగలేదు. ఎక్కడ పడుకున్నావని అడగలేదు. చలేసిందా అని అడగలేదు. వాడు తేలిపోయిన చోటు నుంచి వచ్చినవాడిలా లేడు. పక్కగదిలోంచి వచ్చినవాడిలా ఉన్నాడు. ఇన్నాళ్ళూ నా తలుపులోంచి నేను రప్పించుకుంటున్న కొడుకు కూడా అట్లాగే వచ్చేవాడు. నీలం చొక్కాలో, తడి లేకుండా, నవ్వుతూ.

“షబీనా, ఆ టైటస్ ఇల్లు నీకు తెలుసా?” అన్నాను.

టీవీ ఆపేసింది. “తెలుసత్తా. ఆ సందు తప్పించుకునే గదా బజారుకి పోతా ఉండా.”

గుమ్మం అవతల స్టూలు జరిగిన చప్పుడైంది. మా ఆయన చెప్పులు వేసుకుంటున్నాడు.

ఆదివారం పొద్దున చర్చి అయిపోయాక టైటస్ వచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయి. తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చాడు. ఖాజీ గారు, గూడూరు వియ్యంకుడు, మా ఆయన మంచం మీద కూర్చున్నారు. నేనూ షబీనా లోపలి గుమ్మంలో. టైటస్ కూర్చోమన్నా కూర్చోలేదు. నేల చూస్తూ మొదలుపెట్టాడు.

“మా తప్పేం లేదు పెద్దమ్మా, అల...”

“తప్పు సంగతి కాదు నాయనా. మొత్తం చెప్పు నాకు. నేను ఏడ్చినా ఆపబాక.”

చెప్పాడు. ఇంజను బాగానే నడిచిందట. తిరిగొచ్చేటప్పుడు ఏదో పాతవల కొట్టుకొచ్చి, బోటు కింద నీళ్ళలో తిరిగే ఫ్యానుకి చుట్టుకుంది. తహీర్ బోటు వెనక వంగి కత్తితో కోస్తున్నాడు. ఎవడో టీ తాగతావా అని అడిగితే ‘ఒడ్డుకి పోయినాక నువ్వే తాగించాల’ అన్నాడు. పక్క నుంచి అల కొట్టింది.

“తాడు ఏసినాం. ఒకసారి చెయ్యెత్తినాడు. తాడు దగ్గిర్లోనే ఉండాది.”

“పట్టుకోలేదా?”

“లేదు పెద్దమ్మా.”

“భయపడినాడా?” ఆ మాట నా నోట్లోంచి వచ్చిందో షబీనా నోట్లోంచి వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను.

టైటస్ మొదటిసారి తలెత్తాడు. ‘లేదు’ అనబోయాడు. ఆ మాట పెదాల దాకా వచ్చింది. మా ఇద్దరి మొఖాలూ చూసి ఆగిపోయాడు.

“తెలీదు పెద్దమ్మా. మధ్యలో అల లేచింది. మొఖం కనపడలా.”

“తర్వాత?”

“పొద్దుగూకిందాకా ఆడనే తిరిగినాం. వేరే బోట్లు గూడా వచ్చినాయి.”

“తర్వాత?”

“తర్వాత ఏం లేదు పెద్దమ్మా. అంతే.”

వీధిలో బొగ్గు లారీ ఒకటి పోయింది. మా ఆయన రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, అరచేతులు పైకి తెరిచి కూర్చున్నాడు. ఖాజీ గారు నా వైపు తిరిగి, “ఏమంటావు తల్లీ?” అన్నారు.

“విన్నాను” అన్నాను.

షబీనా తలమీద ముసుగు సర్దుకుంది. నా భుజం మీద ఒక్కసారి చెయ్యేసి, లేచి, ఇద్దత్ కూర్చోవడానికి తన గదిలోకి నడిచింది. ఆమె వెనక ఆ తలుపు నేనే దగ్గరికి వేశాను.